కనుగుడ్డు పొడవు, కంచంలో కొవ్వు

పిల్లాడికి సైట్ వచ్చిందనగానే చాలా ఇళ్లలో క్యారెట్ రసం మొదలవుతుంది. క్యారెట్ చేసే మేలు వేరు. అందులోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్-ఎగా మారి, మసక వెలుతురులో చూపునిచ్చే రోడాప్సిన్ అనే పదార్థం తయారీకి పనికొస్తుంది. విటమిన్-ఎ బాగా తగ్గితే వచ్చేది రేచీకటి. పగలు చక్కగా చూసే బిడ్డ పొద్దుగూకగానే తడుముకుంటాడు, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు కూడా రావచ్చు. మనం సైట్ అనే హ్రస్వదృష్టి, అంటే దూరపు చూపు మసకబారడం ఉన్న బిడ్డకైతే పట్టపగలే బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతాయి. సైట్ తగ్గుతుందని విటమిన్-ఎ మాత్రలు సొంతంగా మింగించకండి. అది కొవ్వులో కరిగే విటమిన్, ఎక్కువైతే కాలేయంలో పేరుకుపోయి హాని చేస్తుంది.

హ్రస్వదృష్టిలో అసలు చిక్కు కనుగుడ్డు పొడవుతో. పుట్టినప్పుడు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లుండే కన్ను, పెద్దయ్యాక 24 దగ్గర ఆగాలి. ఆగకుండా సాగితే దూరపు వస్తువుల ప్రతిబింబం కంటి వెనక తెర అయిన రెటీనాకు ముందే ఏర్పడుతుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే దాదాపు మైనస్ 2.5 పవర్ వస్తుంది. సాగిన కన్ను మళ్లీ పొట్టి కాదు కనుక ఏ తిండీ ఉన్న అద్దాలు తీయించలేదు. సాగే వేగం మీద తిండి ప్రభావం ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

హాంకాంగ్‌లో 6–8 ఏళ్ల పిల్లలు 1,005 మందిని పరీక్షించి, వాళ్ల తిండి వివరాలు రాబట్టిన అధ్యయనం 2025లో వెలువడింది. చేపల్లో, అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు ఎక్కువగా తినేవారిలో కనుగుడ్డు పొడవు తక్కువగా, పామాయిల్ లాంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వులు ఎక్కువగా తినేవారిలో పొడవు ఎక్కువగా తేలింది. మిగతా పోషకాలకు సంబంధమేదీ కనిపించలేదు. కారణం ఇదై ఉండొచ్చు: రెటీనా వెనక రక్తనాళాల పొర అయిన రక్తపటలంలో రక్తప్రసరణ తగ్గితే, దాని బయట కనుగుడ్డుకు గోడలా ఉండే తెల్లటి దృఢస్తరానికి ఆక్సిజన్ చాలక అది బలహీనపడి సాగుతుంది. ఒమేగా-3 ఆ ప్రసరణను కాపాడుతుందని గినీ పందుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. అయితే హాంకాంగ్‌ది ఒక్కసారి తీసిన లెక్క, తిండి వివరాలు జ్ఞాపకం మీద చెప్పినవి, రక్తపరీక్షలు లేవు. ఇంత మాత్రానికే చేపనూనె గుళికలు కొనమనడం తొందరపాటు. కంచంలో కొవ్వు రకం మార్చడానికి మాత్రం ఈ ఆధారం చాలు, ఎందుకంటే ఆ మార్పు గుండెకూ మంచిదే.

వారానికి రెండుసార్లు కవ్వలు, కానాగంతల వంటి సముద్రపు చేపలు పెట్టండి. నూనెలో వేపితే ఆ నూనె కొవ్వంతా తోడవుతుంది, కాబట్టి పులుసే మేలు. శాకాహారులకు అవిసె గింజలున్నాయి. గింజల్ని నమలకుండా మింగితే అరక్కుండానే పోతాయి. దోరగా వేయించి, కొద్దికొద్దిగా పొడి కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, బయట ఉంచితే గింజల్లోని నూనె త్వరగా కమటు వాసన కొడుతుంది. ఒక టీస్పూను పొడిలో అర గ్రాము ఒమేగా-3 ఉంటుంది. కాకపోతే అది మొక్కల రకం. చేపల్లో ఉండే రూపంలోకి ఒంట్లో మారేది అందులో కొద్ది భాగమే. తగ్గించాల్సినవి బేకరీ పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు, చిప్స్. ప్యాకెట్ వెనక పామాయిల్ అనో పామోలిన్ అనో ఉందేమో చూడండి, పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

తిండి కన్నా చాలా గట్టి ఆధారం ఎండ వెలుతురుకు ఉంది. చైనాలోని గ్వాంగ్జౌలో కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు అక్కడ 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. వెలుతురును కొలిచే లెక్క లక్సు; తరగతి గదిలో అది కొన్ని వందలే. బయట చెట్టు నీడన కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకు రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కనుగుడ్డు సాగకుండా అడ్డుపడుతుందని శాస్త్రవేత్తల అంచనా. రోజుకు రెండు గంటలు బయట ఆడనివ్వాలి. టోపీ పెట్టుకున్నా ఫర్వాలేదు.

పవర్ తేల్చేటప్పుడు కంట్లో చుక్కల మందు వేసి చూడమని డాక్టర్‌ను అడగండి. మందు వేయకపోతే పిల్లల కంటి కండరం బిగుసుకుని, లేని మైనస్ కూడా చూపించవచ్చు. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుతుంది, కాబట్టి పరీక్షల ముందు రోజు కాకుండా సెలవు రోజున తీసుకెళ్లండి.