రేడియేటర్‌కు పచ్చ-పసుపు తీగ ఎందుకు?

బ్రిటన్‌లోని పాత ఇళ్లలో స్నానాలగది వాష్‌బేసిన్ కింద వంగి చూస్తే, రాగి గొట్టానికి బిగించిన చిన్న లోహపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని నుంచి బయలుదేరిన ఆకుపచ్చ, పసుపు చారల తీగ రేడియేటర్ గొట్టం వైపు సాగిపోతుంది. పట్టీకి వేలాడే రేకు మీద, ఇది భద్రత కోసం వేసిన విద్యుత్ కలయిక అనీ, తీసివేయరాదనీ ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఆ గొట్టాల్లో కరెంటు లేదు, రేడియేటర్‌లో ఉన్నది వేడినీళ్లే. అయినా వాటికి తీగ ఎందుకు?

షాక్ కొట్టడానికి వోల్టేజి ఉంటే చాలదు, మనిషి ఒకేసారి తాకిన రెండు చోట్ల మధ్య వోల్టేజి తేడా ఉండాలి. 1836లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పన్నెండు అడుగుల గది ఒకటి కట్టించి, దానికి లోహాన్ని చుట్టించి, బయట నిప్పురవ్వలు ఎగిరేంతగా విద్యుత్తు ఎక్కించి, తాను లోపలే ఉండి పరీక్షించాడు. ఆయన పరికరాలకు లోపల ఏమీ తగల్లేదు. బాత్‌రూమ్‌లోని లోహాలను ఇలా తీగతో కలపడాన్ని బాండింగ్ అంటారు, అది అంత పటిష్ఠమైన పంజరం కాకపోయినా దాని వెనుక ఉన్న ఆలోచన అలాంటిదే: చేతికందే లోహాలన్నిటి వోల్టేజీ కలిసే పైకి లేవాలి, కలిసే కిందికి దిగాలి.

గోడకున్న హీటర్‌లో ఫేజ్ తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలిందనుకుందాం. ఎర్త్ తీగ సక్రమంగానే ఉన్నా, ఫ్యూజు ఎగిరేలోపు ఆ తీగ వెంట భారీ కరెంటు పారుతుంది కనుక పెట్టె మీద వంద వోల్టులకు పైగా నిలవవచ్చు. పక్కనున్న రేడియేటర్ మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. తడి చేతుల మనిషి ఒక చేత్తో దాన్నీ, మరో చేత్తో దీన్నీ తాకితే, తడిసిన శరీరపు నిరోధం వెయ్యి ఓమ్‌ల ప్రాంతానికి పడిపోతుంది కాబట్టి, వంద మిల్లీ ఆంపియర్లకు పైగా కరెంటు గుండె మీదుగా పోతుంది. రెంటినీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో కలిపితే లెక్క మారిపోతుంది. అలాంటి తీగ మూడు మీటర్లకు నిరోధం ఓమ్‌లో సుమారు డెబ్భయ్యో వంతు, అందులో 200 ఆంపియర్లు పారినా రెండు కొసల మధ్య తేడా 3 వోల్టులకు చేరదు.

దీన్ని ఎర్తింగ్‌తో కలిపేసి మాట్లాడటం మామూలే, కానీ పనులు వేరు. ఎర్తింగ్ ఫ్యూజును ఎగరగొడుతుంది, బాండింగ్ ఆ లోపు మనిషిని కాస్తుంది.

లోహం కనిపించిన ప్రతిచోటా తీగ బిగించడం మాత్రం తెలివైన పని కాదు. ప్లాస్టిక్ గొట్టంతో నీళ్లందుకునే రేడియేటర్ భూమితో సంబంధం లేకుండా ఉంటుంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఒక మీటరు నీటి నిరోధమే దాదాపు లక్ష ఓమ్‌లు. అలాంటి దానికి తీగ కలిపితే, అంతదాకా ఏ దారీ లేనిచోట భూమికి కొత్త దారి వేసినట్టవుతుంది: లోపమున్న పరికరాన్ని ఒక చేత్తో తాకినవాడికి రెండో చేతి దగ్గర ఆ దారి సిద్ధంగా ఉంటుంది. అందుకే ఎలక్ట్రీషియన్ ముందు ప్రధాన ఎర్త్‌కూ గొట్టానికీ మధ్య నిరోధం కొలుస్తాడు. 23,000 ఓమ్‌లకు మించితే 230 వోల్టుల దగ్గర కూడా 10 మిల్లీ ఆంపియర్లు దాటవు. అంటే పట్టుకున్నది వదలలేని స్థితి దాకా సాధారణంగా రాదు.

బ్రిటిష్ వైరింగ్ నియమాల 2008 నాటి 17వ కూర్పు ఇంకో వెసులుబాటు ఇచ్చింది. స్నానాలగది సర్క్యూట్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే పరికరం) ఉండి, లోపం వచ్చినప్పుడు ఆ సర్క్యూట్లు గడువులోపల తెగి, బయటి నుంచి వచ్చే లోహపు గొట్టాలు ప్రధాన బాండింగ్‌కు (గొట్టాలను ఇంటి ప్రధాన ఎర్త్‌తో కలిపే తీగకు) గట్టిగా కలిసి ఉంటే, గదిలో అదనపు తీగలు వేయనక్కర్లేదు. మన ఇళ్లలో గీజర్ పెట్టుకున్నవారికి ఆర్‌సీసీబీ అన్న పేరుతో పరిచయమైన పరికరం ఈ ఆర్‌సీడీయే. పంపు తిప్పినప్పుడు చేయి జివ్వుమంటే చెప్పులేసుకుని స్నానం చేసే అలవాటు మనకుంది. అది లోపాన్ని దాచడమే తప్ప సరిచేయడం కాదు.

ఆ వెసులుబాటులోని మూడో షరతునే ఎక్కువమంది మరిచిపోతారు. మరమ్మతులో మధ్యన రెండడుగుల రాగి గొట్టం కోసి ప్లాస్టిక్ ముక్క పెడితే, అవతలి భాగానికి ప్రధాన బాండింగ్‌తో ఉన్న లంకె అక్కడే తెగిపోతుంది. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తుంటాయి, కాబట్టి మీటరు పెట్టి కొలిచేదాకా ఎవరికీ అనుమానం రాదు.