నానమ్మ సంచీలో దొరికిన మాత్ర

చిన్నూ, బుజ్జీ,

మొన్న నాతో ఆసుపత్రికి వచ్చినప్పుడు, "డాక్టరు గారు నిన్ను చూడకుండా కంప్యూటర్‌ను చూస్తున్నారేమిటి తాతయ్యా?" అని అడిగారు కదా. మొదట్లో నాకూ ఒళ్లు మండేది. మందుల మధ్య తగాదాలు పట్టుకోవడానికే డాక్టరు గారు దాన్ని చూస్తారని తర్వాత తెలిసింది.

నాకు బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో నిపుణులు మార్గదర్శకాలు రాసిపెట్టారు. అయితే షుగరు గురించి రాసేవారు చాలావరకు రోగికి షుగరు తప్ప వేరే బాధ లేనట్టే రాస్తారు. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఒక 79 ఏళ్ల ముసలమ్మను ఊహించుకున్నారు. ఆమెకు ఐదు జబ్బులు తగిలించి, పుస్తకాల ప్రకారం మందులు లెక్కవేశారు. 12 మందులు, రోజుకు 19 మోతాదులు, ఐదు వేళల్లో! పాపం, ఆవిడ అన్నం ఎప్పుడు తినాలి?

పైగా మందులకు ఒకదానితో ఒకటి పడదు. మెదడుకు కాసేపు రక్తం అందక మూతి వంకర పోయి, మళ్లీ సర్దుకున్న మనిషి ఉన్నాడనుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ ఇవ్వమంటుంది ఒక పుస్తకం. ఆయనకే పేగులో పుండు ఉంటే, ఆస్పిరిన్ ఆపమంటుంది ఇంకో పుస్తకం. కంప్యూటర్‌లో ఈ రెండింటినీ "ఇలా ఉంటే ఇది చెయ్యి" అన్న మెట్లుగా విడగొట్టి పక్కపక్కన పెడతారు. ఒకటి "ఇవ్వు", మరొకటి "ఆపు" అన్నచోట అది పట్టేస్తుంది. కడుపులో ఆమ్లం తగ్గించే మందు జోడించడమో, ఆస్పిరిన్ బదులు రక్తం గడ్డకట్టనివ్వని ఇంకో మందు క్లోపిడోగ్రెల్ ఇవ్వడమో, వైద్యులు ముందే నేర్పిన దారులు చూపిస్తుంది. ఏ దారి పట్టాలో మాత్రం డాక్టరే తేల్చుకోవాలి.

దానికో జబ్బుంది. ప్రతి చిన్నదానికీ హెచ్చరిస్తుంది. "నాన్నా పులి" కథలోలాగా, రోజంతా అరుపులు విన్న డాక్టరు అసలైన హెచ్చరికను కూడా చదవకుండా నొక్కేసే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, మనం చెప్పనిది దానికి తెలియదు. మోకాళ్ల కోసం మందుల షాపులో సొంతంగా కొన్న ఐబుప్రొఫెన్ సంగతి నేను దాచాను. నానమ్మ ఊరుకుంటుందా? సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు గారు పేరు కొట్టగానే తెర మీద ఎర్రగా వచ్చింది: బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మీరిద్దరూ కిసుక్కున నవ్వింది అప్పుడే. ఇప్పుడు పారాసిటమాల్‌తో సరిపెట్టుకుంటున్నాను. ఆ పాత మాత్రల అట్ట ఇంకా నానమ్మ దగ్గరే ఉంది, అడిగినా ఇవ్వడం లేదు.

మీ తాతయ్య