మాండరిన్ చేప గురించి మీ జేజినాయన ఉత్తరం

చిన్నూ, బుజ్జమ్మా,

మీ నాయన పంపిన వీడియో చూసినా, ఆ చేపను కొనియ్యమని ఇద్దరూ ఒకటే గోల చేస్తా ఉన్నారంట కదా. దాన్ని మాండరిన్ చేప అంటారు. ఆశపడడంలో తప్పేం లేదు, నీలం మీద నారింజ చారలు వంకర్లు తిరుగుతా, మన ధర్మవరం పట్టుచీర అంచు మాదిరి ఉంటాది, కానీ మనిషి వేలంతే, ఆరేడు సెంటీమీటర్లు. ఆ నీలం ఉంది చూడండి, అదే అసలు విశేషం. నెమలి ఈకలో మనకు కనపడే నీలం వెలుతురు చేసే మాయ, అందులో నీలం రంగు ఉండదు, ఈ చేప చర్మంలో మాత్రం నిజంగానే నీలం రంగు నింపుకున్న కణాలు ఉన్నాయని 1995లో జపాన్ సైంటిస్టులు తేల్చినారు, జంతువుల్లో ఇది శానా అరుదు.

పొలుసులు ఉండవు దీనికి, ఒళ్ళంతా మందంగా జిగురు, దానికి చెడ్డ వాసన, చేదు.

ఇది ఉండేది పసిఫిక్ సముద్రం పడమటి పక్క, జపాన్ దక్షిణ దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియా దాకా. అలలు పెద్దగా లేని చోట, విరిగిన పగడాల ముక్కల సందుల్లో పగలంతా దాక్కోని, కింది రెక్కల మీద మెల్లగా గెంతుతా, కంటికి సరిగ్గా ఆనని రొయ్యజాతి పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకోని తింటాది. పొద్దు గూకేటప్పుడు ఆడదీ మగదీ పక్కపక్కన ఆనుకోని మెల్లగా పైకి లేస్తాయి, ఒక మీటరు ఎత్తుకు పోయి గుడ్లు వదిలి టక్కున కిందికి దూరిపోతాయి, ఆ గుడ్లు నీళ్ళల్లో తేలుకుంటా పోతాయి, తల్లీ తండ్రీ కాపలా ఉండవు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మన ఇంటి ట్యాంకులో ఉండేది బోరు నీళ్ళు, ఇది ఉప్పునీళ్ళ చేప. ఉప్పు కలిపి పెట్టినా, షాపులో అమ్మే ఎండు మేత చాలా మాండరిన్లు ముట్టవు, వాటికి రోజంతా బతికున్న పురుగులు కావాల, చిన్న ట్యాంకులో అవి కొన్నాళ్ళకే అయిపోతాయి, ఆ తర్వాత పొట్ట లోపలికి పోయి కళ్ళ ముందరే చిక్కి చచ్చిపోతాది. అది నాకు ఇష్టం లేదురా, మీరు కూడా చూడలేరు.

దసరాకు వచ్చినప్పుడు గప్పీలు తెద్దాం, అవి మంచినీళ్ళల్లో బతికే చిన్న చేపలు. నీళ్ళు ముందు రోజే పట్టి బకెట్లో పెట్టమని మీ అమ్మకు చెప్పండి, మేత చిటికెడు కంటే ఎక్కువ వెయ్యొద్దండి.

మీ జేజినాయన
ధర్మవరం