గామా నైఫ్ తర్వాత మళ్లీ ఏవీఎం: ‘క్లియర్’ అన్న మాట వెనక కథ

హైదరాబాద్‌లో ఏ న్యూరో ఓపీ ముందు చూసినా ఒళ్లో ఎమ్మారై కవరు పెట్టుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. మెదడులో ఏవీఎంకు, అంటే ధమనులు సిరలు నేరుగా కలిసిపోయిన రక్తనాళాల చిక్కుకు, రేడియేషన్ చేయించుకున్నవాళ్లకు ఆ కవరు ఏళ్ల తరబడి తోడు. ‘క్లియర్ అన్నారు కదా, మళ్లీ ఎలా వచ్చింది?’ అని వాళ్లలో కొద్దిమంది అడగాల్సి వస్తుంది.

ధమనిలోని రక్తం సన్నని కేశనాళికల్లో నెమ్మదించాకే సిరలోకి చేరాలి. ఏవీఎంలో ఆ మధ్య దారే ఉండదు. జోరు తగ్గని రక్తం నేరుగా సిరల్లో పడుతుంది. అక్కడ చిట్లితే స్ట్రోకే. ఆ ప్రమాదం ఏడాదికి సుమారు 2 నుంచి 4 శాతమని అంచనా.

పుర్రె తెరవకుండా సన్నని రేడియేషన్ కిరణాలను ఒకే చోట కలపొచ్చని స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ప్రతిపాదించాడు. 1960ల చివర్లో ఆ పని చేసే యంత్రం, గామా నైఫ్, తయారైంది. ఆయన దాన్ని ఉద్దేశించింది తగ్గని నొప్పి, వణుకు లాంటి వాటికి. ఏవీఎం మీద వాడి చూసింది స్టాక్‌హోమ్‌లోనే లాడిస్లావ్ స్టైనర్ బృందం, 1970లో.

కిరణాలు పడ్డ రోజే ఏమీ మూసుకుపోదు. బోరు నీళ్ల పైపులో గార పట్టినట్టు నాళం గోడ లోపలివైపు మందమవుతూ రెండు మూడేళ్లలో దారి పూడుతుంది. అంతవరకూ చిట్లే భయం ఉంటుంది. ఇంట్లోవాళ్ల అసలు టెన్షన్ అదే.

ఇక తిరిగి రావడం. పూర్తిగా పోయిందని యాంజియోలోనే (మందు ఎక్కించి రక్తనాళాలను తీసే ఎక్స్‌రే) తేలినా కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, మళ్లీ కనిపించిన కేసులు తర్వాతి దశాబ్దాల్లో బయటపడ్డాయి. పిల్లల్లో రక్తనాళాలు ఇంకా పెరిగే దశలో ఉండటం ఒక కారణం కావచ్చంటారు. కొన్నిసార్లు అది తిరిగి వచ్చింది కాదు, మిగిలిపోయింది. గడ్డకట్టిన రక్తం ఒత్తిడికి ఏవీఎంలో కొంత భాగం నొక్కుకుపోయి, రేడియేషన్‌కు ప్లాన్ వేసిన రోజు ఫిల్ములో కనిపించదు. రేడియేషన్‌కు ముందే నాళంలోకి గ్లూ ఎక్కించి మూసిన భాగం తర్వాత తెరుచుకోవచ్చు. చిన్న ముక్క మిగిలితే ఎమ్మారై పట్టుకోలేకపోవచ్చు. అందుకే ఎమ్మారై బాగున్నా తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పెట్టి డీఎస్ఏ, అంటే ఆ యాంజియోనే, చేయాలంటారు డాక్టర్లు. ‘బాగానే ఉన్నాం కదా’ అని చాలామంది మానేసేది ఈ పరీక్షనే అని నా అనుమానం. చిన్నప్పుడు చికిత్స జరిగినవాళ్లకు పెద్దయ్యాక కూడా ఒకసారి చూడటం మంచిదన్న అభిప్రాయం ఉంది.

తిరిగి వస్తే మళ్లీ రేడియేషనో, ఆపరేషనో చేయొచ్చు. ఏది అన్నది చోటును బట్టి, సైజును బట్టి ఉంటుంది. కొత్త డాక్టరు మొదట అడిగేది పాత యాంజియో సీడీ. ఇప్పుడు కనిపిస్తున్నది అప్పట్లో మిగిలిందా, కొత్తగా పెరిగిందా అన్నది రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇల్లు మారినప్పుడు పాత ఫిల్ములతో పాటు ఆ సీడీ కూడా పారేసి ఉంటే ఆ పోలికకు దారి లేదు.