సిద్దీ బొంతలు: అపోహలు - వాస్తవాలు

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు గుడ్డముక్కలతో కుట్టే కవండి బొంతలు తెచ్చి హైదరాబాద్‌లో అమ్ముతాను, నేనూ కుడతాను. స్టాల్ పెట్టిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు.

అపోహ: పాత గుడ్డలేగా, చవగ్గా ఇవ్వాలి.

వాస్తవం: గుడ్డకు పెద్దగా ఖర్చు లేదన్నది నిజమే. అందుకే బేరమాడితే తగ్గేది కుట్టినావిడ కూలి ఒక్కటే. అడుగున పాత చీర పరిచి, ఇంటివాళ్ల చొక్కాలు, లంగాల ముక్కలు పేర్చుకుంటూ, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకొస్తారు. పొరలన్నీ పట్టేలా బొంత నిండా చేత్తో రన్నింగ్ స్టిచ్. ముందే గీసుకున్న డిజైన్ ఉండదు. కూలిపని, వంటపని అయ్యాక దొరికిన వేళల్లో కుట్టాలి. చివర్న మూలల్లో మడత ముక్కల పూలు, అంటే 'ఫులా', పెట్టకపోతే బొంతకు ఒంటిమీద బట్టల్లేనట్టే అంటారు వాళ్లు. ఒకావిడ ఫోన్లో ఆన్‌లైన్ రజాయి ధర చూపించి నాతో వాదనకు దిగింది. వెనక్కి తిప్పి కుట్లు చూడండమ్మా అన్నాను. వాళ్ల నానమ్మ గుర్తొచ్చిందట, చాలాసేపు కూర్చుంది. కొనలేదు, అది వేరే సంగతి. బేరం మాత్రం ఆపేసింది.

అపోహ: ఆఫ్రికా మూలాలు కదా, ఆఫ్రికా బొమ్మలుండాలి.

వాస్తవం: పోర్చుగీసువాళ్లు తూర్పు ఆఫ్రికా నుంచి గోవాకు బానిసలుగా తెచ్చినవాళ్లలో కొందరు పారిపోయి ఉత్తర కన్నడ అడవులు చేరారు. వాళ్ల వారసుల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. కొన్ని బొంతల్లో శిలువ, కొన్నిట్లో నెలవంక కనిపిస్తాయి. ముసుగులు, సింహాలు వెతక్కండి. మన హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేటలోని సిద్దీల కథ వేరు, అది నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం సంగతి.

అపోహ: బానిసలు పారిపోయే దారులు బొంతల్లో రహస్యంగా కుట్టారు.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ కథ అమెరికాది. నమ్మదగ్గ ఆధారాల్లేవని అక్కడి చరిత్రకారులే అంటున్నారు. ఫార్వర్డ్ చేయకండి. నిజం కావాలంటే అమెరికాలోనే అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె కథ చూడండి. బానిసల వారసులైన ఆడవాళ్లు చిరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్లలయ్యాయి.

అపోహ: ఎవరో కట్టి విడిచిన బట్టలు, పసిబిడ్డకు వాడకూడదు.

వాస్తవం: ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలోనూ పసివాళ్ల కింద పరిచేది అమ్మమ్మ పాత చీర బొంతే, ఉతికి ఉతికి మెత్తబడింది కాబట్టి. వాడేముందు చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి, మెలిపెట్టి పిండకండి. పొరలు మందం కాబట్టి లోపల తడి మిగిలితే వాసనొస్తుంది, రెండువైపులా తిప్పి ఆరేయండి.