నొప్పి మాత్రల బిల్లు

పోయిన మూడు నెలల్లో ఎన్ని నొప్పి మాత్రలు కొన్నారో చెప్పమంటే ఎవరం చెప్పగలం? ఏళ్ల తరబడి వేలమంది ఆరోగ్యాన్ని గమనించే అధ్యయనాలకు ఇదే పెద్ద చిక్కు. అడిగితే జనం గుర్తున్నంత వరకే చెబుతారు. తాగుడు లెక్క అయితే కాస్త తగ్గించే చెబుతారు.

బ్రిటన్‌లో ఆ లెక్క దుకాణాల దగ్గర ఉంది. టెస్కో అనే సూపర్‌మార్కెట్ల సంస్థ 1995లో క్లబ్‌కార్డు తెచ్చింది. బిల్లు కట్టేటప్పుడు కార్డు చూపిస్తే పాయింట్లు వస్తాయి, ఏ రోజు ఏం కొన్నారో నమోదవుతుంది.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో జేమ్స్ ఫ్లానగన్ బృందం ఇలాంటి కార్డుల సాయంతో అండాశయ క్యాన్సర్ జాడ వెతికింది. కడుపుబ్బరం, అజీర్తి, పొత్తికడుపులో నొప్పి ఈ జబ్బు తొలి లక్షణాలు. ఇవి ఎప్పుడూ ఉండేవేలే అనుకుని, మాత్ర వేసుకుని పనిలో పడిపోతారు. తొలి దశలోనే బయటపడితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతారు. ముదిరాక తెలిస్తే ఆ ఆశ బాగా సన్నగిల్లుతుంది.

మొత్తం 273 మంది స్త్రీలు తమ కార్డు రికార్డులు చూసుకోమని ఒప్పుకున్నారు. వారిలో 153 మందికి ఈ క్యాన్సర్ ఉంది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, జబ్బు నిర్ధారణకు దాదాపు 8 నెలల ముందు నుంచే వారు నొప్పి మాత్రలు, అజీర్తి మందులు కొనడం పెరిగింది. లక్షణాలు ఎప్పుడు గమనించారని అడిగితే మాత్రం సగటున నాలుగున్నర నెలల ముందు అన్నారు. ఒంట్లో తేడా మనసుకు తట్టకముందే చెయ్యి మందుల అలమర వైపు వెళ్లిందన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అధ్యయనం చిన్నది. నొప్పి మాత్రలు కొనేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఈ జబ్బు ఉండదు. కాబట్టి బిల్లు చూసి రోగం తేల్చలేం, డాక్టరు దగ్గరకు త్వరగా వెళ్లమని చెప్పే దారి మాత్రం దొరకవచ్చు.

ఇంతకంటే విస్తారమైన పని బ్రిటన్‌లోనే బ్రిస్టల్ నగరంలో జరుగుతోంది. 1991, 1992 సంవత్సరాల్లో గర్భవతులుగా చేరిన 14 వేలకు పైగా స్త్రీలతో మొదలైన ‘చిల్డ్రన్ ఆఫ్ ది నైంటీస్’ అధ్యయనం అక్కడిదే. ఆ పిల్లలకిప్పుడు ముప్పై దాటాయి. రక్త నమూనాలు, జన్యువులు, బరువు, ఎత్తు అన్నీ ఉన్నాయి. అనుమతి ఇచ్చినవారి కొనుగోళ్లను వాటికి జతచేయడం మీద పరిశోధకులు కృషి చేస్తున్నారు.

అనుమతి దగ్గర పట్టు సడలకూడదని నా గట్టి నమ్మకం. కార్డు ఒకరి పేరున ఉంటుంది, సరుకులు ఇంటిల్లిపాదివీ. తల్లి సంతకం పెడితే, భర్త తాగే బీరు, కూతురు రహస్యంగా తెప్పించుకున్న గర్భ పరీక్ష కిట్టు కూడా ఆ జాబితాలోనే వెళ్తాయి. వాళ్లను ఎవరు అడగాలి?