కరగకుండా మిగిలిన ఐదు డాలర్లు

2021 మార్చిలో అమెరికాలో ఒక వేలంలో ఐదు డాలర్ల బంగారు నాణెం 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని మీదున్న సంవత్సరం 1822. బరువు 8.75 గ్రాములు, అంటే మన కాసు కంటే కాస్త ఎక్కువ. ఆ ఏడాది తక్కువ కొట్టి ఉంటారులే అనిపిస్తుంది. కానీ ఫిలడెల్ఫియా టంకశాల లెక్క ప్రకారం ఆ ఏడు కొట్టినవి 17,796. ఇప్పుడు జాడ తెలిసినవి మూడే. వాటిలో రెండు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి, బజారుకు రాగలిగేది ఇదొక్కటే.

మిగతా వేల నాణేలు ఏమయ్యాయంటే, దాదాపు అన్నీ కొలిమిలోకే వెళ్లాయి. దీని వెనక దొంగలెవరూ లేరు, లెక్కలు తెలిసిన వ్యాపారులున్నారు. 1792 నాటి చట్టం ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ల వెండి అని ధర కట్టింది. ఐరోపాలో అదే బంగారానికి పదిహేనున్నర పాళ్లు వచ్చేవి. అంటే అమెరికా బంగారు నాణెం ఓడెక్కితే చాలు, లాభం. వెండి తెచ్చి ఇవ్వడం, బంగారం పట్టుకుపోయి కరిగించడం మామూలైపోయింది. ఈగల్ అనే పది డాలర్ల బంగారు నాణేన్ని ప్రభుత్వం 1804లో ఆపేసి, 1838 దాకా మళ్లీ కొట్టలేదు.

1834లో చట్టం మార్చి, నాణెంలో బంగారాన్ని ఆరు శాతం పైన తగ్గించారు. కొత్తవి చలామణిలో నిలిచాయి, పాతవాటికి మాత్రం నూకలు చెల్లాయి. ఐదు డాలర్ల పాత నాణెంలో కొత్త లెక్కన ఐదు డాలర్ల ముప్ఫై సెంట్ల పైచిలుకు బంగారం ఉందాయె! అలాంటిదాన్ని ఐదు డాలర్లకు ఎవరు మారుస్తారు? అప్పటిదాకా పెట్టెల్లో మిగిలినవి కూడా అలా కరిగాయి.

ఇంతలో అమెరికా దక్షిణాదిన బంగారం బయటపడింది. జార్జియాలో 1829లో మొదలైన బంగారం వేట, చెరోకీలనే స్థానిక తెగ నేల మీదే సాగింది. 1838లో వాళ్లను సైన్యంతో పడమటికి తరిమేసిన ఏడాదే డలోనెగా, షార్లెట్ టంకశాలల్లో నాణేలు పడటం మొదలైంది. డలోనెగా నాణెం మీద ‘డి’, షార్లెట్ నాణెం మీద ‘సి’ అక్షరం ఉంటుంది. రెండూ 1861లో అంతర్యుద్ధంతో మూతపడ్డాయి. ఆ ఏడు డలోనెగాలో ఒక డాలరు బంగారు నాణేలను తిరుగుబాటు రాష్ట్రాలవాళ్లే కొట్టుకున్నారు. ఎన్ని కొట్టారో లెక్క రాయలేదు. ఇప్పుడు వాటి కోసం సేకర్తలు కొట్టుకుంటారు.

ఈ అక్షరాల పిచ్చి మాత్రం ఆలస్యంగా పుట్టింది. సంవత్సరానికో నాణెం ఉంటే చాలు, ఏ ఊళ్లో కొడితే ఏమిటి అనేది అప్పటి సేకర్తల ధోరణి. 1893లో ఆగస్టస్ హీటన్ అనే చిత్రకారుడు శాఖా టంకశాలల నాణేల మీద ఒక చిన్న పుస్తకం వేశాకే ఆ దృష్టి మారింది. అప్పటికి దాచుకోవడానికి పెద్దగా మిగల్లేదు. పైగా ఇరవై డాలర్ల డబుల్ ఈగల్ అంటే చాలామందికి వారాల తరబడి కూలి డబ్బు. సరదాకి బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు.

కరిగింపులన్నిటిలోకీ పెద్దది 1933 నాటిది. ఏప్రిల్ 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చి, బంగారు నాణేలు బ్యాంకుల్లో అప్పగించమన్నాడు. మనిషికి వంద డాలర్ల వరకు ఉంచుకోవచ్చు. మన దేశంలో బంగారం మీద ఆంక్షలు పెట్టిన 1963 నాటి గోల్డ్ కంట్రోల్ టెన్షన్ మన పెద్దలకు గుర్తుంటే, ఇది ఇంకా గట్టిది. అయితే ఉత్తర్వులో ఒక చిన్న సందు ఉంది. సేకర్తలు ప్రత్యేకంగా విలువ కట్టే అరుదైన నాణేలకు మినహాయింపు ఇచ్చారు. ఈ హాబీ ఇవాళ బతికి ఉందంటే ఆ ఒక్క వాక్యం వల్లే అని నా అభిప్రాయం. అప్పటికే విదేశీ బ్యాంకులకు చేరిన డబుల్ ఈగల్స్ కూడా తప్పించుకున్నాయి. అవి తర్వాతి దశాబ్దాల్లో ఐరోపా నుంచి మెల్లగా తిరిగొచ్చాయి.

అరుదు అనుకున్నది ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. 1857 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా బంగారంతో వస్తున్న సెంట్రల్ అమెరికా అనే ఓడ తుఫానులో మునిగింది. 400 మందికి పైగా చనిపోయారు. 1988లో దాన్ని రెండు కిలోమీటర్ల లోతున కనిపెట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ఏడే కొట్టిన డబుల్ ఈగల్స్ ఐదు వేలకు పైగా పైకి తెచ్చారు. అంతకుముందు మెరుపు చెడని 1857 నాణెం దొరకడమే గగనం. 2013లో కాలిఫోర్నియాలో ఒక జంట కుక్కను తిప్పడానికి వెళ్లి, తమ స్థలంలోనే తుప్పు డబ్బాల్లో 1,427 నాణేలు చూసింది. ఎవరు పాతిపెట్టారో ఇప్పటికీ తేలలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల మొదటి ఏడాది, 1854లో, ఐదు డాలర్ల నాణేలు 268 మాత్రమే కొట్టింది. చాలాకాలం మూడే ఉన్నాయనుకున్నారు. వాటిలో ఒకటి 1967లో దోపిడీకి గురైంది. 2018లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వ్యక్తి ఒకరు నాలుగోది పరీక్షకు తెచ్చారు. అప్పటిదాకా ఆయన దాన్ని నకిలీ అనుకున్నారట.